రాత్రి టీ కప్పు – ఫజ్ర్ నమాజు

అల్లాహ్ మానవునికి ప్రసాదించిన గొప్ప అనుగ్రహాలలో నిద్ర ఒకటి. దివ్యఖుర్ఆన్ 'నబా' సూరాలో నిద్రను, రాత్రిని, పగటిని ఆయన వరుసగా గుర్తుచేశాడు. ఈనాడు మన కాలేజీ పిల్లలు ఆ క్రమాన్నే తలక్రిందులు చేసుకుంటున్నారు. పరీక్షలు దగ్గరపడితే చాలు, రాత్రి పదకొండుకు టీ, ఒంటిగంటకు కాఫీ, అదీ చాలకపోతే ఎనర్జీ డ్రింకు! పడుకునేసరికి మూడవుతుంది. ఇక ఫజ్ర్ అజాన్ ఎవరి చెవిన పడుతుంది?

టీ, కాఫీలు ధర్మసమ్మతమేనా అని కొందరు అడుగుతారు. ధర్మసమ్మతమే. 15వ శతాబ్దంలో యెమన్ సూఫీలు రాత్రివేళ జిక్ర్‌లో కునుకు రాకుండా కాఫీ తాగేవారు. 1511లో మక్కా అధికారి ఖాయిర్ బేగ్ దాన్ని నిషేధించినా ఆ నిషేధం నిలవలేదు. మత్తు పదార్థం కాదు గనుక అది హలాలేనన్న అభిప్రాయమే స్థిరపడింది. కాని ఒక్కసారి ఆలోచించండి. అల్లాహ్ స్మరణలో మేలుకోవడానికి వారు తాగిన పానీయాన్నే మనమూ తాగి, అల్లాహ్ పిలుపు వినిపించే వేళకు నిద్రపోతున్నాం!

మేలుకొని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుని నిద్ర తెప్పిస్తుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ దాన్ని అడ్డగిస్తుంది, అంతే. అలసట పోదు, మనకు తెలియకుండా ఉంటుంది. తాగిన 5 గంటల తర్వాత కూడా దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. పడుకునే 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు, అంటే సుమారు నాలుగు కప్పుల కాఫీలో ఉండేంత, తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013 నాటి ఒక పరిశోధన తెలిపింది. చదివింది గుర్తుండేలా మెదడు భద్రపరచుకునేది నిద్రలోనే. నిద్ర మానుకుని చదివితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్లే.

మరునాటి మందకొడితనానికి మళ్లీ టీ! అలవాటు ఇలాగే మెడకు చుట్టుకుంటుంది. రమజాన్ తొలి రోజాల్లో చాలామందికి వచ్చే తలనొప్పికి ఇదొక ముఖ్య కారణం. నిందేమో ఉపవాసం మీద వేస్తాం.

హజ్రత్ అబూ దర్దా (రజి) రాత్రంతా నమాజులో గడపబోతే హజ్రత్ సల్మాన్ (రజి) ఆయన్ను ముందు పడుకోమని చెప్పి, రాత్రి చివరిభాగంలో లేపారు. ప్రభువు హక్కు ప్రభువుకు, దేహం హక్కు దేహానికి, ఇంటివారి హక్కు ఇంటివారికి ఇవ్వాలని బోధించారు. దైవప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. నఫిల్ నమాజు కోసమే దేహం హక్కును కాలరాయకూడదంటే, ర్యాంకు కోసం దేహం హక్కునూ, ఫర్జ్ నమాజునూ కలిపి పోగొట్టుకోవడం ఎలా సబబు?

విద్యార్థి సోదర సోదరీమణులారా! చివరి కప్పు జుహ్ర్ నమాజుతో ముగించండి. ఒక్కసారిగా మానేయకుండా రెండు మూడు రోజులకొక అర కప్పు చొప్పున తగ్గించండి. షాబాన్ నెలలోనే మొదలుపెడితే రోజాలు తేలికవుతాయి. మధ్యాహ్నం కాసేపు ఖైలూలా చేయండి. ఇషా తర్వాత కబుర్లు, ఫోను కట్టిపెట్టి పడుకోండి. ఫజ్ర్ తర్వాత చదవండి. తన సముదాయానికి తెల్లవారుజామున శుభం కలగాలని మహాప్రవక్త (స) దుఆ చేశారు.

తల్లిదండ్రులారా! "మావాడు తెల్లవార్లూ చదువుతాడు" అని పదిమందిలో మురిసిపోకండి. ఫజ్ర్‌కు లేచాడా అని అడగండి.

మన నిద్రనూ, మెలకువనూ అల్లాహ్ తన విధేయతలో గడిచేలా చేయుగాక! ఆమీన్.