దుద్దులు వద్దన్న పిల్ల

వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి (1918-2001) కథని పిల్లలకి చెప్పేటప్పుడు అందరం ఇష్టపడే ఘట్టం ఒకటుంది. ఎనిమిదో పుట్టినరోజుకి ఇంట్లో వజ్రాల దుద్దులు ఇవ్వబోతే, వద్దని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అడిగిందట. బొమ్మలో బాగా ఒదుగుతుంది. కానీ దుద్దులంటే ఇష్టమున్న పిల్ల ఆ పేజీ చూసి, సైన్సు తనలాంటి వాళ్ళది కాదనుకోదా?

బొమ్మకి అంత సులువుగా లొంగని సంగతి మరొకటి. బెంగుళూరులో సి.వి. రామన్ ప్రయోగశాలలో ఆమె వజ్రాలు, కెంపుల కాంతి మీద పనిచేసింది (వజ్రాలు మళ్ళీ వచ్చాయి, చూశారా!). 1942-45 మధ్య ఒక్కతే అయిదు పరిశోధన పత్రాలు ప్రచురించింది. 1945లో సిద్ధాంత గ్రంథం సమర్పిస్తే, ఎమ్మెస్సీ లేదని మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వలేదు. తర్వాత వాతావరణ శాఖలో చేరి, దాదాపు వంద పరికరాల నమూనాలకి ప్రమాణాలు ఏర్పరిచింది.

ఇవన్నీ పిల్లలకెందుకు, నిరుత్సాహపడతారు అంటారు. ఆ పేజీ తీసేస్తే మిగిలేది పట్టుదల కథ. పట్టుదలుంటే అన్నీ దక్కుతాయని నమ్మిన అమ్మాయి, రేపు దక్కనప్పుడు లోపం తనలోనే వెతుక్కుంటుంది. నిబంధన వైపు చూడాలని ఆమెకెవరు చెప్పారు?

ఇక్కడో చిక్కుంది. ఆడది సైన్సు చేయడాన్ని వింతగా చెప్పుకోవడం అన్నా మణికి నచ్చేది కాదు. డాక్టరేటు లేకపోవడం వల్ల తన జీవితంలో పెద్ద తేడా రాలేదనేది. తను ఒప్పుకోని బాధని తన బొమ్మ మొహంమీద గీసే హక్కు మనకుందా? లేదనే నేననుకుంటాను. మొహం గీయనక్కర్లేదు. బీరువాలో డిగ్రీలొచ్చిన గ్రంథాల వరసలో, అలాంటి అట్టతోనే ఆమె గ్రంథాన్నీ గీస్తే చాలు. ఎందుకివ్వలేదని పిల్లలే అడుగుతారు.