రాలిన పింఛం

రామాయణంలో నెమలి అనగానే కిష్కింధాకాండలోని వానాకాలం గుర్తొస్తుంది. కానీ ఆ పక్షికి అసలైన పాత్ర దక్కింది ఉత్తరకాండలో.

ఉశీరబీజమనే చోట మరుత్త మహారాజు యజ్ఞం చేస్తున్నాడు. హవిర్భాగాల కోసం దేవతలు దిగివచ్చారు. అంతలో రావణుడు పుష్పకంలో వచ్చిపడ్డాడు. వరబలం ఉన్నవాడు, ఎదురుపడితే పరువు దక్కదు. ఎవరికి తోచిన రూపంలోకి వారు దూరిపోయారు. యముడు కాకి అయ్యాడు, కుబేరుడు తొండ, వరుణుడు హంస. దేవేంద్రుడు నెమలి. మరుత్తుడు విల్లందుకున్నాడు గానీ, దీక్షలో ఉన్నవాడు కోపగించుకోరాదని యజ్ఞం చేయిస్తున్న సంవర్తుడు వారించాడు. రావణుడు గెలుపు తనదేనని చాటించుకుని, అక్కడి ఋషులను పొట్టనబెట్టుకుని పోయాడు.

ప్రమాదం తప్పాక దేవతలు తమను దాచిన ప్రాణులకు వరాలిచ్చారు. అప్పటిదాకా నెమలి తోక వట్టి నీలమేనట. తన వెయ్యి కన్నులూ దాని పింఛం మీద ఉంటాయన్నాడు ఇంద్రుడు. పాముల భయం ఉండదన్నాడు. తాను వాన కురిపించినప్పుడల్లా దానికి సంతోషం కలుగుతుందన్నాడు. అమరకోశం నెమలికి చెప్పిన పేర్లలో పామును తినేదని, మబ్బు ఉరిమితే ఆడేదని అర్థమిచ్చేవి ఉన్నాయి. ఇంద్రుడి వరాల్లో రెండు ఆ పేర్లలోనూ కనిపిస్తాయి.

నెమలిని గర్వానికి గుర్తుగా చెప్పేవాళ్లున్నారు. ఈ కథ ప్రకారం ఆ సొగసు పుట్టుకతో వచ్చింది కాదు, భయపడ్డవాడికి చోటిచ్చినందుకు దక్కింది. ఆ భయపడ్డవాడు స్వర్గాధిపతి. దేవుడు పక్షికి రుణపడ్డాడని నిస్సంకోచంగా చెప్పిన ఈ కథంటే నాకు అందుకే ఇష్టం.

అలా వచ్చిన కన్నులనైనా నెమలి దాచుకుంటుందా అంటే, లేదు. ఏటా వానలు వెనకబట్టే వేళకు పొడుగాటి ఈకలు రాలిపోయి, మగనెమలి బోడితోకతో తిరుగుతుంది. కవులకు పురి విప్పిన నెమలి మీదే మక్కువ. కాళిదాసు రాలిన ఈకనూ వదల్లేదు. మేఘసందేశంలో కుమారస్వామి నెమలి విడిచిన ఈకను పార్వతి కలువరేకు పెట్టుకునే చెవికి తగిలించుకుంటుంది. ఆ తల్లికి నగలు లేకనా? కొడుకు ఎక్కి తిరిగే నెమలిది కాబట్టి. పెద్దవాడైపోయిన బిడ్డ బుల్లి చొక్కాను బీరువాలో దాచుకునే అమ్మలకు ఆ ముచ్చట వివరించనక్కర్లేదు. భాగవతం దశమస్కంధంలో బృందావనంలో అడుగుపెట్టే కృష్ణుడి తలమీదా పింఛమే. కిరీటం మథురలో కంసుడి దగ్గరుంది. ఆలమందల వెంట తిరిగే పిల్లవాడికి అడవిలో చేతికందే అలంకారం ఇదే.

రాలిన ఈకకు అన్నిటికన్నా కఠినమైన పని అప్పగించినవాళ్లు జైనులు. దిగంబర ముని ఒంటిమీద నూలుపోగు ఉండదు గానీ చేతిలో నెమలి పింఛాల కుంచె ఉంటుంది. దాన్ని పింఛి అంటారు. కూర్చునే ముందు, పుస్తకం పెట్టే ముందు ఆ చోట దాంతో సున్నితంగా తుడుస్తాడు. చీమో పురుగో ఉంటే పక్కకు తప్పుకుంటుంది, చావదు. నెమలిని చంపి తెచ్చినవి పనికిరావు, తనంతట రాలినవే కావాలి. మునుల ఆచారాలు చెప్పే మూలాచారం పింఛికి అయిదు గుణాలు చెప్పింది: దుమ్ము పట్టదు, చెమట పట్టదు, మెత్తన, సుకుమారం, తేలిక. కంట్లో తగిలినా నొప్పి పుట్టనంత మృదువని కూడా చెబుతారు.

ముని వానాకాలం నాలుగు నెలలూ ఒకేచోట ఉండిపోతాడు. అడుగు తీసి అడుగు వేస్తే పురుగూపుట్రా నలుగుతాయని. చాతుర్మాస్యం ముగిశాక పాత పింఛిని వదిలి కొత్తది పుచ్చుకుంటాడు. పాతదాన్ని పారేయరు. ఏదైనా వ్రతనియమం పడతానని ముందుకొచ్చిన గృహస్థుకు ఇస్తారు.