దుస్తులు ఎవరి మెప్పు కోసం?

జపాన్ రాజధాని టోక్యోలోని షిబుయా ప్రాంతంలో హరాజుకు అనే పేట ఉంది. 1977 నుంచి 1998 వరకు ఆదివారాలు అక్కడి పెద్ద రోడ్డుపై వాహనాలు ఆపి, నడిచేవారికే వదిలేవారు. యువతీ యువకులు పాతవీ కొత్తవీ కలిపి తామే కూర్చుకున్న వింత దుస్తులతో అక్కడ గుమిగూడేవారు. తాము ఎవరమో దుస్తులతోనే చాటుకోవాలన్నది వారి తపన. షోయిచి అఓకి అనే ఫోటోగ్రాఫర్ 1997లో 'ఫ్రూట్స్' అనే పత్రిక పెట్టి వారి ఫోటోలు ప్రచురించారు. తర్వాత పెద్ద పెద్ద విదేశీ కంపెనీల దుకాణాలు ఆ వీధుల్లో వెలిశాయి. 2017లో ఆ పత్రిక ఆగిపోయింది. ఫోటో తీయదగ్గ వేషధారణ గల యువత ఇక కనిపించడం లేదన్నారు అఓకి.

తనకంటూ ఒక గుర్తింపు కావాలన్న కోరిక మనిషి స్వభావంలోనే ఉంది. ఇస్లాం దాన్ని అణచివేయదు. మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడటం కూడా గర్వమేనా అని ఒకరు అడిగినప్పుడు, అల్లాహ్ సౌందర్యవంతుడనీ, సౌందర్యాన్ని ప్రేమిస్తాడనీ దైవప్రవక్త (స) బోధించారు. సత్యాన్ని తిరస్కరించడం, తోటివారిని చిన్నచూపు చూడటమే గర్వమని వివరించారు. కలిగి ఉండి కూడా మాసిన బట్టలతో వచ్చిన ఒక సహచరునితో, దైవానుగ్రహం నీపై కనిపించాలి అన్న భావంతో హితవు పలికారు.

మరి ప్రమాదం ఎక్కడుంది? పేరు కోసం, నలుగురి చూపూ తనపై పడాలని దుస్తులు ధరించేవారిని హదీసు తీవ్రంగా హెచ్చరించింది. అలాంటి వారికి ప్రళయదినాన అవమాన వస్త్రం తొడగబడుతుంది. ఆడంబరమే కాదు, భక్తుడనిపించుకోవడానికి వేసే చిరుగుల వేషం కూడా ఇందులోకే వస్తుందని పండితులు వివరించారు.

సోదర సోదరీమణులారా! టోక్యో పిల్లల్ని చూసి నవ్వే ముందు మన ఇళ్లలోకి తొంగి చూద్దాం. ఒక పెళ్లిలో కట్టిన చీర మరో పెళ్లికి పనికిరాదు, అందరూ చూసేశారు కనుక! అందాన్ని కప్పవలసిన బురఖాకే మెరిసే రాళ్లు పొదుగుతున్నాం. పండుగ బట్టల కోసం అప్పు చేస్తున్నాం. తగిన బట్టలు లేవని వలీమాకు రాకుండా ఇంట్లోనే ఉండిపోయే బీద బంధువు సంగతి మనకు గుర్తుందా?

కొడుకు చిరిగిన జీన్సు తొడిగితే "నలుగురు ఏమంటారు?" అని గద్దిస్తాం. వాడు నలుగురూ చూడాలని తొడిగాడు. మనం నలుగురూ చూస్తారని వద్దంటున్నాం. ఇద్దరి మనసులోనూ ఉన్నది జనమే. అల్లాహ్ చూపు ఇద్దరికీ గుర్తులేదు. ఇలా పెరిగిన బిడ్డ, ఆ నలుగురూ లేని ఊరికి వెళ్లిన రోజున దేనికి భయపడతాడు?

కాబట్టి పిల్లలకు ముందు కారణం చెబుదాం. సతర్ కప్పాలి. దుబారా, అహంకారం ఉండకూడదు. ఈ హద్దుల్లో రంగు, కుట్టు విషయంలో వారి అభిరుచిని గౌరవిద్దాం. దుస్తులు శరీరాన్ని కప్పేందుకూ అలంకారానికీ ఇచ్చిన వరమనీ, అన్నిటికంటే దైవభీతి అనే వస్త్రమే మేలైనదనీ ఆరాఫ్ సూరా 26వ ఆయతు నేర్పుతోంది.

హజ్‌లో పురుషులందరూ కుట్టని రెండు వస్త్రాల్లోనే నిలబడతారు. చివరికి మనందరికీ చుట్టేది కఫనే. ఆ రోజున మనతో వచ్చే వస్త్రాన్ని ఇప్పుడే సిద్ధం చేసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.