కాలదోషం

అప్పిచ్చినవాడు మూడేళ్లు కిమ్మనకుండా కూర్చుంటే ప్రోనోటుకు కాలదోషం పడుతుందని మన ఊళ్లలో చదువు రానివాళ్లకు కూడా తెలుసు. గడువు దగ్గరపడితే పదో పరకో ఇప్పించుకుని, నోటు వెనక జమ వేయించి సంతకం పెట్టించుకుంటారు. తన హక్కు మీద తాను నిద్రపోయేవాణ్ణి చట్టం వచ్చి లేపదన్నది ఈ ఏర్పాటు వెనక ఉన్న న్యాయం. అప్పుల విషయంలో సబబే. కానీ మానసిక వైద్యశాలల్లో దశాబ్దాల కిందట జరిగిన హింస మీద వేసే కేసులకు కూడా ఇదే కొలత పెట్టడం నాకు మింగుడుపడదు. అక్కడి ఆలస్యం చాలావరకు ప్రతివాది చేసిన పనిలోంచే పుడుతుంది. తాను పుట్టించిన ఆలస్యాన్నే తనకు అడ్డుగా పెట్టుకునే వీలు ఏ సంస్థకూ ఉండకూడదంటాను.

సిడ్నీ శివారు పెన్నెంట్ హిల్స్‌లోని చెల్మ్స్‌ఫర్డ్ ప్రైవేటు ఆసుపత్రిలో నిద్ర అన్నది ఉపమానం కూడా కాదు. 1963 నుంచి 1979 దాకా హ్యారీ బెయిలీ అనే సైకియాట్రిస్టు అక్కడ ‘గాఢనిద్ర చికిత్స’ నడిపాడు. బార్బిట్యురేట్లు దట్టించి రోగిని రోజుల తరబడి, ఒక్కోసారి రెండు వారాల పాటు, స్పృహ లేకుండా పడుకోబెట్టేవారు. ముక్కులోంచి పొట్టలోకి వేసిన గొట్టంలోంచే తిండి, అందులోంచే మందు. ఆ మత్తులోనే కరెంటు షాకులు. కొందరికి న్యుమోనియా వచ్చింది, కొందరికి కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టింది. ఈ చికిత్సతో ముడిపడిన మరణాలు 24 అని 1990లో జస్టిస్ స్లాటరీ రాయల్ కమిషన్ తేల్చింది. బతికి లేచినవాళ్లకు ఏం గుర్తుంటుంది? ఏ తేదీన, ఎవరు, ఏ మందు, ఎన్ని షాకులు అన్నవన్నీ కేసు షీటులో ఉంటాయి. కేసు షీటు ఆసుపత్రి బీరువాలో ఉంటుంది. చెల్మ్స్‌ఫర్డ్ కాగితాలు బయటపడడానికి ఒక నర్సు దొంగచాటుగా నకళ్లు తీయాల్సి వచ్చింది.

ఒప్పుకోకుండానే ఈ చికిత్స పాలైన ఒక రోగి 1980లో జ్యూరీ ముందు గెలిచాడు. దక్కింది 60,000 ఆస్ట్రేలియా డాలర్లు. బెయిలీ 1985లో, కమిషన్ కూర్చోకముందే, చనిపోయాడు. మిగతా డాక్టర్ల మీద వచ్చిన వృత్తి క్రమశిక్షణ ఫిర్యాదులను న్యూ సౌత్ వేల్స్ అప్పీలు కోర్టు 1986లో ఆలస్యం కారణంగానే నిలిపేసింది. రాయల్ కమిషన్ తర్వాత మళ్లీ ఫిర్యాదులు వేస్తే వాటినీ ఆపేశారు. 1993లో అక్కడి హైకోర్టు (ఆ దేశంలో అన్నిటికన్నా పై కోర్టు అదే) ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా చీలి ఆ నిలుపుదలనే ఖాయం చేసింది.

ఆ ముగ్గురి మాటను నేను కొట్టిపారేయను. సాక్షులు పోతారు, జ్ఞాపకం చెదురుతుంది, ముసలి డాక్టరు ఇరవై ఏళ్ల కిందటి ఒక రాత్రి లెక్క ఎలా చెప్పగలడు? మనిషిని జైలుకు పంపే కేసులోనో, వృత్తి ఊడగొట్టే కేసులోనో ఈ వాదనకు బరువుంది. అదే మాట ఆసుపత్రో ప్రభుత్వమో అంటే మాత్రం ఒప్పుకోను. వాటికి మతిమరుపు లేదు, రికార్డు గది ఉంది. నష్టపరిహారానికీ నిజం తేల్చడానికీ గడువు అడ్డు రాకూడదనడం ఇందుకే. మన 1963 లిమిటేషన్ చట్టం ఆరో సెక్షన్ మతిస్థిమితం లేనివారికి గడువులో వెసులుబాటు ఇస్తుంది. దయగల ఏర్పాటే గానీ, ఇలాంటి ఫిర్యాదికి అది ముందు నుయ్యి వెనక గొయ్యి. గడువు దక్కాలంటే అప్పట్లో నాకు మతి లేదనాలి. సాక్ష్యం నమ్మాలంటే ఉందనాలి.

ఆనాటి వైద్యాన్ని ఈనాటి కొలతలతో తూచొద్దని ఇంకో మాట వినిపిస్తుంది. ఈనాటి తూకం అక్కర్లేదు. వద్దన్న మనిషి ఒంటి మీద చెయ్యి వేయడం ఆనాడూ నేరమే. ఇక, ఇలాంటి ఆసుపత్రుల మీద సాగే ఉద్యమాల వెనక సైకియాట్రీని మొత్తంగా ద్వేషించే సైంటాలజీ సంఘం ఉందంటారు. ఉంది, నిజమే. అయితే కాగితం ఎవరు తెచ్చారన్నది ఒక ప్రశ్న, అందులో ఏముందన్నది ఇంకో ప్రశ్న. నా అభ్యంతరం చికిత్స మీద కాదు. షాక్ చికిత్స తీవ్రమైన డిప్రెషన్‌లో నేటికీ పనికొస్తుంది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా దాన్ని నిషేధించలేదు, మత్తు ఇవ్వకుండా, కండరాలు సడలించే మందు వేయకుండా ఇవ్వడాన్ని నిషేధించింది.

రోగి నిద్రపోయాడన్న మాటే అబద్ధమని తేల్చే కాగితం ఒకటి న్యూజిలాండ్‌లో ఉంది. లేక్ ఆలిస్ ఆసుపత్రి పిల్లల వార్డులో 1970లలో షాకులు శిక్షగా ఇచ్చేవారు, కాళ్లకు, మర్మాంగాలకు కూడా. నియువే దీవి మూలాలున్న పదమూడేళ్ల కుర్రాడొకడు ఇంటికి ఉత్తరం రాశాడు. ఉత్తరాలు సిబ్బంది చదువుతారు కాబట్టి ఇంగ్లీషులో అంతా బాగుందన్నాడు. పక్కన ఒక నవ్వు ముఖం గీసి, దాని మాటల బుడగలో తమ నియువే భాషలో షాకుల సంగతి, నొప్పి సంగతి రాశాడు. 1977లో విచారణ జరిగింది, పోలీసులూ చూశారు, ఎవరి మీదా కేసు పెట్టలేదు. సాక్ష్యం సరిపోతుందని పోలీసులు 2021లో అన్నారు. అప్పటికి ఆ వార్డు డాక్టరు సెల్విన్ లీక్స్‌కు 92 ఏళ్లు, విచారణకు నిలబడే స్థితిలో లేడన్నారు. మరుసటి జనవరిలో పోయాడు. అక్కడ జరిగింది చిత్రహింసేనని ప్రభుత్వం ఒప్పుకున్నది 2024లో. కుర్రాడి ఉత్తరం మాత్రం ఆ రోజుల్లోనే ఇల్లు చేరింది.