మెట్లు లేని స్వరము

మధ్య అండమానులోని రంగత్ పరిసరములందు పంచవటి, పర్ణశాల, శబరి అను పేర్లుగల పల్లెలున్నవి. భద్రాద్రి నెరిగిన తెలుగువాని కీ పేర్లు సముద్రవ్యవధానమును మరపించును. ఇచ్చటివారిలో దేశవిభజనానంతరము తూర్పుబెంగాలునుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు పెక్కు. ఆ బెంగాలీలకు హవాయి గిటారు పరాయిది కాదు. బటుక్ నందీ, సునీల్ గంగూలీ వంటివారు దానిపై పాటలు వాయించి కలకత్తా రికార్డులద్వారా ఇంటింట వినిపించిరి. ఒడిలో పరుండబెట్టిన గిటారుపై ఉక్కుకడ్డీ జార్చు ఈ పద్ధతి పందొమ్మిదవ శతాబ్ది చివర హవాయి దీవులలో జోసెఫ్ కెకుకు అను యువకునివలన వ్యాపించినదని చెప్పుదురు. అయినను తీగపై కడ్డీ జార్చుట మనకు క్రొత్త గాదు: పదమూడవ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున వర్ణించిన ఏకతంత్రీవీణను కమ్రిక యను వెదురుముక్కతోనే వాయించెడివారు, దక్షిణదేశపు గోటువాద్యమును ఆ వంశములోనిదే.

తీరికవేళల నీ వాద్యము నభ్యసించు నావంటివానికి సభ లేదు, బిరుదు లేదు, వినువాడును సాధారణముగా లేడు. అట్టి సాధనకు సాక్షి ఎవడు? ఈ ప్రశ్న నన్ను చిరకాలముగా వదలలేదు.

దీనికి సమాధానము వాద్యముయొక్క నిర్మాణములోనే కొంత దొరకును. తీగలు ఎత్తుగా కట్టబడియుండుటచే మెట్లు ఇందు గుర్తులు మాత్రమే. కడ్డీని మెట్టు వెనుక గాక సరిగా దానిపైన, తీగను నొక్కక తాకీ తాకనట్లు నిలుపవలెను. కడ్డీ వెనుకనున్న వ్రేళ్ళు తీగల నానుకొని వెనుకపుట్టు గరగరను అణచవలెను. ప్రక్కనుండి చూచినవాని కన్ను మోసపోవును, స్వరము తప్పును. ఉప్పుగాలికి తీగ త్రుప్పుపట్టినచో కడ్డీ జారక తడబడును. ఇదంతయు అభ్యాసముచే చక్కబడగలదు. కాని కన్ను సరిగా నిలిచి, చేయి సరిగా నిలిచి, కడ్డీ మెట్టుమీదనే యున్నప్పుడును, తంబురా మ్రోగుచుండగా గాంధారము చెవికి రుచింపదు!

హేతువిది. తీగలో సగము మిగిల్చిన తారషడ్జమును, మూడింట రెండు వంతులు మిగిల్చిన పంచమమును, ఐదింట నాలుగు వంతులు మిగిల్చిన అంతరగాంధారమును పుట్టును. ఈ గాంధారమునే శ్రుతిచేసిన తంబురా షడ్జమునుండి ఎవరును మీటకయే వినవచ్చును, దానిని స్వయంభూగాంధారమందురు. గిటారు మెట్లనో, స్థాయిని పండ్రెండు సమభాగములుగా పంచి అమర్చిరి. అందలి గాంధారము స్వయంభూగాంధారముకంటె అర్ధస్వరమున సుమారు ఏడవ వంతు హెచ్చు. నేర్చువాడు ఈ లెక్క నెరుగడు, సరియైన స్వరము నింకను పలికింపలేదు. అయినను తప్పును తప్పని ఎరుగును. చేతికి రాని సత్యమును చెవి ముందుగా ఎట్లెరిగినది?

చిన్ననాటినుండి విన్న పాటల సంస్కారమే యిది, మరేమియు లేదని పూర్వపక్షి యనును. ఏ రాగమునకు ఏ గాంధారము, దాని నెంత ఊపవలెననునది సంస్కారమే యని నేనును అంగీకరింతును. కాని రెండు నాదములు తమ స్పందనములలో కలిసినప్పటి విశ్రాంతిని, కలియనప్పటి కంపమును సంస్కారము కల్పింపలేదు. ఉన్నదానిని గుర్తించుటకు మాత్రమే అది మనలను సిద్ధపరచును. వేదాంతులు సాక్షియని చెప్పునది చేయుచున్నవానికంటె వేరై, చేయబడినదాని నెరుగుచు నుండునది. మెట్టును ధిక్కరించి గాంధారమును నిరాకరించు ఎరుకయందు నేను ఆ సాక్షి ఛాయను చూచుచున్నాను. ఈ ఎరుక విద్వాంసునకు నైపుణ్యముచే మరుగుపడవచ్చును. తప్పులమధ్య కూర్చున్న ప్రారంభకునకు క్షణక్షణము ప్రత్యక్షము. వీణావాదనతత్త్వజ్ఞుడు అప్రయాసముగా మోక్షమార్గమును పొందునని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పినప్పుడు సభారంజకత్వమును కాక, శ్రుతిజ్ఞానమును, తాళజ్ఞానమును అర్హతలుగా పేర్కొనినది. కావున వినువాడు లేని సాధన ఉపాసన కాజాలదనుట సరికాదు; ఇతరుల మెప్పు తొలగినకొలది ఆ సాక్షియే శ్రోతయై నిలుచును.

హవాయి గిటారు గాని గోటువాద్యము గాని చేపట్టదలచిన చదువరులకు నా విన్నపమొక్కటి: ముందు తంబురాను శ్రద్ధగా శ్రుతిచేసికొనుడు, మీటని గాంధారము మీ చెవికి వినబడిన పిమ్మటనే కడ్డీని చేతబట్టుడు.