పోయిన పార్సిల్, నేను వేసిన నీలాపనింద



వినాయక చవితి రోజు కథ చదివి అక్షింతలు తల మీద వేసుకుంటాం. మనకి నీలాపనిందలు రాకూడదని. మరి మనం ఇంకొకరి మీద నీలాపనింద వేయకూడదని ఎప్పుడైనా దండం పెట్టుకున్నామా? నేనైతే పెట్టుకోలేదు.

నేను జర్మనీలో, మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నాను. కిందటేడు చవితికి ముందు అమ్మ రాజమండ్రి నుంచి పార్సిల్ పంపింది. ఆవకాయ, కందిపొడి, వాటితో పాటు అమ్మమ్మ వాడిన వ్రతకల్పం పుస్తకం. పేజీల నిండా పసుపు మరకలు, పక్కన ఆవిడ పెన్సిల్ రాతలు. అమ్మమ్మ ఇప్పుడు లేదు.

ఒక సాయంత్రం ట్రాకింగ్ చూస్తే "పక్కింటివారికి అందజేశాం" అని ఉంది. ఇక్కడ అది మామూలే. మనం ఇంట్లో లేకపోతే బిల్డింగ్‌లో ఇంకెవరికో ఇచ్చి, ఎవరికిచ్చారో చీటీ రాసి వెళ్తారు. నాకు చీటీ రాలేదు.

రోజంతా ఇంట్లో ఉండేది కింద ఫ్లోర్ పెద్దాయన ఒక్కరే. వెళ్లి అడిగితే, "నాకేం ఇవ్వలేదు" అన్నారు. నేను నమ్మలేదు. ఆ రోజు నుంచి మెట్ల దగ్గర ఆయన పలకరించినా విననట్టు వెళ్లిపోయేవాణ్ణి. ఆయన గుమ్మం ముందు అట్టపెట్టె కనిపిస్తే దాని మీద పేరు చూసేవాణ్ణి. అక్కడ అమ్మ పోస్టాఫీసుకి వెళ్లి ఎంక్వైరీ పెట్టింది. విదేశీ పోస్టుకి ఆరు నెలల్లోపు అడగొచ్చు.

చవితి రోజు పుస్తకం లేక ఫోన్‌లో కథ చదివాను. సత్రాజిత్తు దగ్గర ఆగిపోయాను. ఆయన చెడ్డవాడు కాదు, సూర్యభక్తుడు. శమంతకమణి వేసుకుని వేటకి వెళ్లిన తమ్ముడు ప్రసేనుడు తిరిగి రాలేదు. అంతకుముందు కృష్ణుడు ఆ మణి అడిగి ఉన్నాడు. ఇంకేం, తీసింది కృష్ణుడే అనుకున్నాడు. లెక్క సరిపోయింది, నిజం మాత్రం వేరు. ప్రసేనుణ్ణి చంపింది సింహం. మణి ఉన్నది జాంబవంతుడి గుహలో. సత్రాజిత్తు ఆలోచనలో ఆ సింహానికి చోటే లేదు. నా ఆలోచనలోనూ లేదు. కోడ్‌లో బగ్ వస్తే లాగ్స్ చూడకుండా ఎవరినీ అననివాణ్ణి, ఒక మనిషిని దొంగ అనుకోవడానికి మాత్రం ఒక్క లైన్ సరిపోయింది.

కృష్ణుడంతటివాడు ఆ నింద పోగొట్టుకోవడానికి అడవంతా వెతికి, జాంబవంతుడితో 28 రోజులు పోరాడాల్సి వచ్చిందని భాగవతం చెబుతుంది. ఈ పెద్దాయన ఎక్కడికెళ్లి వెతుకుతారు? తీసుకోలేదని ఎలా నిరూపిస్తారు?

"ఆయనే తీసుకుని ఉంటే?" అని మీరు అడగొచ్చు. సత్రాజిత్తుకి చివరికి నిజం తెలిసింది. నాకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. తెలియనప్పుడు ఏది ధర్మం? అడగడం నా హక్కు, అడిగాను. ఆయన జవాబు చెప్పారు. ఆధారం లేకుండా శిక్ష వేసే హక్కు మాత్రం నాకు లేదు. పలకరింపు మానేయడం కూడా శిక్షే కదా! ఆయన తీసుకుని ఉంటే ఆ కర్మ ఆయనది. తీసుకోకపోతే నేను చేసింది పాపం. ఎలా చూసినా, నేను మొహం తిప్పుకుంటే పుస్తకం తిరిగి రాదు.

ఆ సాయంత్రం ఉండ్రాళ్ళు తీసుకెళ్లి, నాకొచ్చిన కొంచెం జర్మన్‌లో క్షమించమన్నాను. ఆయన ఏం మాట్లాడకుండా నన్ను మెయిన్ డోర్ దగ్గరికి తీసుకెళ్లి బెల్లులు చూపించారు. ఇక్కడ ఫ్లాట్ నంబర్ కాదు, బెల్ మీద పేరు చూసే డెలివరీ ఇస్తారు. మా బెల్ మీద ఇంకా పాత అద్దెవాళ్ల పేరే ఉంది. "ముందు ఇది మార్చుకో" అన్నారు.

మర్నాడే మార్చాను. పార్సిల్ ఇప్పటికీ దొరకలేదు.

ఈసారి చవితికి అక్షింతలు వేసుకునేటప్పుడు రెండు దండాలు పెట్టుకుందాం. ఒకటి, మన మీద నింద రాకూడదని. రెండోది, మన నోటి నుంచి, మన చూపు నుంచి ఇంకొకరి మీద పడకూడదని.