మన దారి చివర ఒక దీవి

మధ్యధరా సముద్రంలో తెరచాప పడవెక్కి, దీవి నుంచి దీవికి తిరిగే కుటుంబాలుంటాయి. తుర్కయంజాల్‌లో మన ఇళ్ల ముందు నుంచి పోయే సాగర్ రోడ్డు కూడా ఒక దీవి దగ్గరికే తీసుకెళ్తుంది.

మొన్న పులిహోర కట్టుకుని, ఇబ్రహీంపట్నం, మాల్ ఊళ్లు దాటి నాగార్జునసాగర్ చేరాం. లాంచీలో మా మనవడి లైఫ్ జాకెట్ బకిల్ ఎంతకీ పడలేదు. పక్కనున్న పెద్దావిడ వంగి బిగించింది. కాసేపటికి ఆ దీవి, నాగార్జునకొండ, కనిపించింది.

ఆ నీళ్ల అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1955లో సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోపే 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలను విప్పి తెచ్చి, కొండ మీద మళ్లీ నిలబెట్టారు. అక్కడ రోమన్ బంగారు నాణేలూ దొరికాయి. మధ్యధరా తీరపు సొమ్ము ఏనాడో మన కృష్ణమ్మ ఒడ్డుకు చేరిందన్నమాట!

మునిగిపోయేదాన్ని నీళ్లు రాకముందే ఎత్తి పెట్టుకోవాలి. ఇంట్లో పెద్దల జ్ఞాపకాలూ అంతే. ఈ సెలవులకు అమ్మమ్మనో తాతయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని లాంచీ ఎక్కండి. వాళ్లు చెబుతుంటే పిల్లల్ని విననివ్వండి.